రేపు నీకు కరెంటమ్మా

నోట్లో ముద్ద పెడితే మింగేదాన్ని కాదట. నీళ్ళ గ్లాసు చేతికిస్తే పట్టుకుని అలాగే కూర్చునేదాన్నట. తీవ్రమైన డిప్రెషన్ అన్నారు. మావారు సంతకం పెట్టి ఆసుపత్రిలో చేర్చారు. మందులు పనిచేసేదాకా ఆగితే ప్రాణానికే ముప్పని డాక్టరుగారు ఈసీటీ చెయ్యాలన్నారు. మనవాళ్ళు కరెంటు పెట్టడం అనేది దాన్నే.

మూడుసార్లు అయ్యాక కాస్త తెలివి వచ్చింది. దాని వెంటే భయమూ వచ్చింది. ఆ రాత్రి ఆయా నా నీళ్ళ సీసా తీసుకుపోతూ "రేపు నీకు కరెంటమ్మా, ఇక గుక్కెడు కూడా తాగకు" అంది. గుమ్మం దగ్గర ఆగి, "కరెంటువాళ్ళు అంత తొందరగా ఇళ్ళకు పోరులే" అని పక్కమంచం ఆవిడతో అంది. ఆవిడ వచ్చి ఏడు నెలలు. ఇంటికి వెళ్ళవచ్చని ఎప్పుడో చెప్పారు, తీసుకెళ్ళడానికి తమ్ముడు రావడం లేదు.

తెల్లవార్లూ కిటికీ ఊచలు లెక్కపెట్టాను. పదమూడు. ఊచకొక నెల అనుకుంటే, నేను వెళ్ళేసరికి నా కూతురు ఎంత ఎదిగిపోతుందో! మా వీధిలో ఎర్రగడ్డ అంటే ఊరి పేరు కాదు, తిట్టు. నేనున్నది అక్కడ కాకపోయినా ఆ మాటే చెవుల్లో మోగింది.

తీరా చికిత్స సంగతి చెప్పాలంటే, చేతికి సూది, మత్తు, లేచాక తలనొప్పి. అంతే. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా కరెంటు పెట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. వారానికి మూడు చొప్పున మొత్తం ఎనిమిది. అయిదోది అయ్యాక టీ అడిగాను. ఆరోది అయ్యాక అందులో చక్కెర తక్కువైందని మావారి మీద విసుక్కున్నాను. అది చెబుతూ ఆయన ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటారు.

ఆ డాక్టరుగారికి రెండు చేతులా దండం పెడతాను. నా కోపమూ ఆయన మీదే. "కొంచెం మరుపు ఉంటుంది" అని ఊరుకున్నారు. చేరడానికి నెల ముందు మా అమ్మాయి ఓణీల వేడుక చేశాం. ఫోటోలో నేను దాని జడలో పూలు సర్దుతున్నాను. పిన్ను గుచ్చుకున్నట్టుంది, ఇంకో ఫోటోలో వేలు నోట్లో పెట్టుకుని ఉన్నాను. ఎంత చూసినా ఆ రోజు గుర్తుకు రాదు. ఇలా జరగవచ్చని మావారికి విడమరిచి చెప్పాల్సింది. మాట వచ్చాక నాకూ చెప్పాల్సింది. చెప్పినా నేను వద్దనేదాన్ని కాదు.

ఇరవై ఆరో రోజున ఇంటికి వచ్చాను. ఇంటివాళ్ళు చేర్చిన మనిషిని 30 రోజులు దాటి ఉంచాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు మళ్ళీ విడివిడిగా పరీక్షించాలని, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కూడా కావాలని తర్వాత తెలిసింది. ఆ రాత్రి ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే! మీవాళ్ళెవరైనా చేరితే ఎన్ని రోజులో, ఎన్నిసార్లో అడిగి తెలుసుకుని రోగికి చెప్పండి. మరిచిపోతే మళ్ళీ చెప్పండి. బాగుందని మాత్రలు మాత్రం ఆపనివ్వకండి.

అమ్మ యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుంది. మొక్కు తీర్చి వస్తూ పక్కమంచం ఆవిడకు లడ్డూ ప్రసాదం తీసుకెళ్ళాను. కళ్ళకద్దుకుని, సగం తుంచి కాగితంలో దాచింది.

"మా తమ్ముడికి" అంది.