బీటీ పత్తికి గులాబీ పురుగు ఎందుకు పడుతోంది?

బీటీ అంటే పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తి. "బీటీ వేస్తే మందు కొట్టే పన్లేదు" అనే మాట గుంటూరు నల్లరేగడిలో ఎప్పుడో చెల్లిపోయింది. 2002లో వచ్చిన ఒక జన్యువు బీటీ గానీ, 2006లో వచ్చిన రెండు జన్యువులది గానీ శనగపచ్చ పురుగును బాగానే ఆపాయి. గులాబీ పురుగు మాత్రం రెండింటికీ అలవాటు పడింది. దానికి ప్రధాన ఆహారం పత్తే. మనమేమో జనవరి దాటినా చేను పీకం, కట్టె గట్టున పోగేస్తాం, దాంతో పురుగు అందులోనే బతికి తర్వాతి పంటకు వస్తుంది. పురుగు బీటీకి అలవాటు పడకుండా చేను చుట్టూ వేయమని ఇచ్చిన 120 గ్రాముల నాన్‌బీటీ (బీటీ కాని) గింజలు చాలామంది వేయనేలేదు. అందుకే ఇప్పుడు ప్యాకెట్లోనే కలిపి ఇస్తున్నారు.

విత్తిన 45 రోజులకల్లా ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన ఎరతో మగ పురుగులను పట్టేవి) పెట్టాలి, ఎర గడువు చూసి మార్చాలి. వరుసగా 3 రోజులు, రోజుకు బుట్టకు 8 చొప్పున రెక్కల పురుగులు పడితేనో, పూలలో పదో వంతు గుడ్డిపూలైతేనో (పురుగు లోపల ఉండి రేకులు విచ్చుకోనివి) మందు కొట్టాలి. అంతకుముందు గుడ్డిపూలు ఏరి నాశనం చేయడమే చవక. కాయలోకి దూరాక ఏ మందూ అందదు.

సొంత విత్తనం దాచి వేయొచ్చా? బీటీ గింజలు హైబ్రిడ్లు, అంటే రెండు రకాలను కలిపి పుట్టించినవి. దాచిన గింజ వేస్తే మొక్కకో తీరు. పాత నాటు పత్తి గింజ దాచి వేసినా అదే తీరుగా వస్తుంది, దిగుబడి తక్కువంతే.