‘ఆ డబ్బు ఏ బ్యాంకులో వేశారు?’ అని అడిగి పరువు పోగొట్టుకున్నాను

కంపెనీ షేర్‌హోల్డర్లకు పంచకుండా ఉంచుకున్న లాభాన్ని రిటైన్డ్ ఎర్నింగ్స్ అంటారు. అదంటే అసలు ఏమిటో నిన్న సాయంత్రం నాకు అర్థమైంది. జూనియర్ కాలేజీలో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంత చిన్న విషయానికి దాదాపు ఏడాది పట్టింది. సిగ్గే, అయినా వేడి మీదున్నప్పుడే రాసేస్తున్నా.

షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా ఫోన్‌లో ఒక పూటలో అయిపోయింది. కొన్నది ఒక బట్టల దుకాణాల కంపెనీ షేర్లు, పేరు చెప్పను. వాళ్ల దుకాణాల్లో ఎప్పుడు చూసినా జనమే, నేను చేసిన పరిశోధన అంతే. వార్షిక నివేదిక డౌన్‌లోడ్ చేసి ఆస్తి-అప్పుల పట్టిక, అదే బ్యాలెన్స్ షీట్, తెరిస్తే ‘అదర్ ఈక్విటీ’ అని 412 కోట్లు కనిపించింది. అదంతా మిగిలిన లాభమేనని నేనే తేల్చేసుకున్నా. ఇన్ని కోట్లు పెట్టుకుని మాకు లాభంలో వాటాగా రూపాయి డివిడెండ్ ఇవ్వరా అని ఒళ్లు మండింది.

గత సెప్టెంబరులో వార్షిక సర్వసభ్య సమావేశం. ఇప్పుడు వీడియోలోనే పెడుతున్నారు, ముందుగా మెయిల్ చేస్తే షేర్‌హోల్డరు మాట్లాడొచ్చు. పేరిచ్చాను, 11వ స్పీకర్ని. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనక పుస్తకాల బీరువా కనిపించేలా కూర్చున్నా. బెంగళూరు నుంచి వచ్చిన అల్లుడు, మా ఆవిడ పక్కనే ఉన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లంతా యాజమాన్యాన్ని పొగిడారు. నేను మాత్రం సూటిగా అడిగాను: “మీ దగ్గర 412 కోట్ల లాభం నిల్వ ఉంది. ఆ డబ్బు ఏ బ్యాంకులో, ఎంత వడ్డీకి వేశారు?”

రెండు క్షణాలు నిశ్శబ్దం. ఎవరో మ్యూట్ చేయడం మరిచినట్టున్నారు, నవ్వు వినిపించింది. మామూలుగా జవాబులన్నీ చివర్లో చెప్తారు. నాకు మాత్రం ఫైనాన్స్ అధికారి అక్కడికక్కడే చెప్పాడు: “సార్, అది క్యాష్ కాదు. దయచేసి నోట్ 17 చూడండి.” అంతే, 12వ స్పీకర్ని పిలిచేశారు. అల్లుడు ఫోన్‌లో ఏదో చూస్తున్నట్టు తల దించుకున్నాడు. ఏమైనా అని ఉంటే బాగుండేది. నా క్లాసులో తప్పు చెప్పిన పిల్లవాణ్ణి నేనెప్పుడూ అలా వదిలేయలేదు.

మరునాడు ఒక ఆడిటరు దగ్గరికి పోయాను. నా దగ్గర చదివినవాడే. “ఈ వయసులో మీకెందుకు సార్, ఎఫ్‌డీ వేసుకోండి” అని 500 తీసుకున్నాడు. ఇలాంటివాళ్ల దగ్గరికి పోకండి. నివేదికలో ‘స్టేట్‌మెంట్ ఆఫ్ చేంజెస్ ఇన్ ఈక్విటీ’ అనే పేజీ ఉంటుంది, నేరుగా అక్కడికి పోండి.

ఆ పేజీ, లెక్కల వెనక వివరణల్లోని నోట్ 17 పక్కపక్కన పెట్టుకుంటే నా 412 కోట్లు మూడు ముక్కలయ్యాయి. 236 కోట్లు సెక్యూరిటీస్ ప్రీమియం, అంటే కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మిన ఐపీఓలో ముఖవిలువకు పైన మనలాంటివాళ్లు పోసిన డబ్బు. అది లాభమే కాదు, చట్టం ప్రకారం డివిడెండ్‌గా పంచడానికీ లేదు. ఉద్యోగుల షేర్ల పథకం కింద 5 కోట్లు. అసలు రిటైన్డ్ ఎర్నింగ్స్ 171 కోట్లే. నిరుటి నిల్వ 149, దానికి ఈ ఏటి లాభం 23 కలిపి, గ్రాట్యుటీ లెక్క సవరణ కింద ఒకటి తీసేశారు. డివిడెండ్ ఇచ్చి ఉంటే అదీ ఇక్కడే తగ్గేది.

పాత నివేదికలు తిరగేస్తే ఇంకో మెలిక. 2019 ఏప్రిల్ 1న నష్టం లేదు, డివిడెండ్ లేదు, అయినా రిటైన్డ్ ఎర్నింగ్స్‌లో 28 కోట్లు మాయం! వారం రోజులు నిద్ర పట్టలేదు. ఆ రోజు నుంచి ఇండ్-ఏఎస్ 116 అని కొత్త అకౌంటింగ్ ప్రమాణం వచ్చింది. అద్దె దుకాణాలకు ముందుముందు కట్టాల్సిన అద్దెను అప్పుగా, ఆ దుకాణాన్ని వాడుకునే హక్కును ఆస్తిగా చూపాలి. పాత ఒప్పందాలకు అప్పు ఎక్కువ, ఆస్తి తక్కువ తేలితే ఆ తేడాను రిటైన్డ్ ఎర్నింగ్స్‌లో కోశారు. చేతిలోంచి పైసా పోలేదు.

ఇన్ని చదివినా ‘క్యాష్ కాదు’ అన్న మాట మాత్రం ఒంటబట్టలేదు. నిన్న పెళ్లి చీరల కోసం ధర్మవరంలో మా బావ దుకాణానికి పోయాం. మాటల్లో అడిగాను, నిరుడు ఎంత మిగిలింది బావా అని.

“ఆరు లక్షలు.”

“యాడ పెట్టినావు?”

ర్యాకుల వైపు చెయ్యి చూపించాడు. “ఇదిగో, ఈడ ఉంది. అంతకు ముందు ఏడాదిది పైన గోడౌన్ అయింది. గల్లాపెట్టెలో చూస్తే పదివేలు లేవు బామ్మర్దీ. ఆ మూల కట్ట చూసినావా? మూడేండ్లాయ, ఆ రంగు ఎవురికీ నచ్చల్యా. పుస్తకంలో అదీ నా ఆస్తే.”

రాత్రి అనంతపురం వచ్చీరాగానే నివేదిక తెరిచాను. నగదు, బ్యాంకు కలిపి 14 కోట్లు. సరుకు నిల్వ 365 కోట్లు! అమ్మకాల కంటే సరుకే వేగంగా పెరుగుతోంది. మా బావ మూల కట్టలాంటివి అందులో ఎన్నున్నాయో. అమ్ముడుపోయే ధర కొన్న ధర కంటే పడిపోతే ఆ తేడా లాభంలోంచే కొట్టేయాలి.

డివిడెండ్ ఇవ్వకపోవడమే తప్పని ఇప్పుడు అనను. డీమార్ట్ 2017లో స్టాక్ మార్కెట్లో లిస్టయ్యాక ఏళ్ల తరబడి ఇవ్వలేదు, ఆ డబ్బుతో ఎక్కువగా సొంత స్థలాల్లోనే దుకాణాలు పెట్టుకుంటూ పోయింది. చూడాల్సింది ఉంచుకున్న డబ్బు ఏం సంపాదించిందని. నా కంపెనీ ఐదేళ్లలో 92 కోట్లు ఉంచుకుంది, ఏడాది లాభం 15 నుంచి 23 కోట్లకు పెరిగింది. 92 మీద 8 అంటే ఏడాదికి నూటికి 8 రూపాయల 70 పైసలు. మా సీమ లెక్కలో నెలకు నూటికి ముప్పావలా (75 పైసలు) వడ్డీ కూడా కాదు. వడ్డీకిచ్చినా ఇంతకంటే ఎక్కువ వచ్చేది!

ఈ సెప్టెంబరుకు మళ్లీ స్పీకరుగా పేరిస్తున్నా. ఈసారి బ్యాంకు సంగతి ఎత్తను. 365 కోట్ల సరుకులో ఏడాది దాటింది ఎంత, ఆ 92 కోట్లకు ముప్పావలా కూడా ఎందుకు పడలేదు, ఈ రెండే అడుగుతాను. మెయిల్ రాసి పెట్టాను. అల్లుణ్ణి మాత్రం ఆ వారం రావద్దని చెప్పాలి.