మావాడి వుడ్ షాప్ మాస్టారు

ఇక్కడ టెక్సస్‌లో మావాడికి చెక్కపని నేర్పే సారే (ఆ క్లాసుని వుడ్ షాప్ అంటారు) వాళ్ళ స్కూల్ ఫుట్‌బాల్ కోచ్ కూడా, ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. కోచ్ అంటే బయట నుంచి తెచ్చుకున్న మనిషి అనుకునేవాణ్ణి, కాదంట, ఈ రాష్ట్రంలో పబ్లిక్ స్కూళ్ళలో కోచ్‌లు మామూలుగా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఆ ప్రాంతపు స్కూళ్ళని నడిపే సంస్థలో, ఫుల్‌టైమ్ ఉద్యోగులే అయ్యుండాలి, అందుకే ఒకాయన హిస్టరీ చెప్తాడు ఇంకొకాయన రంపం పట్టుకుంటాడు.

ఆయన రోజు చూస్తే మనకే ఆయాసం. పొద్దున్నే వెయిట్స్ రూమ్, తర్వాత క్లాసులు, సాయంత్రం ప్రాక్టీసు, శుక్రవారం రాత్రి మ్యాచ్, శనివారం మళ్ళీ పిల్లల్ని కూర్చోబెట్టి ఆ మ్యాచ్ వీడియో వెనక్కీ ముందుకీ తిప్పి చూపించడం. ఆగస్టు ఎండలో హెల్మెట్లు పెట్టుకుని ప్రాక్టీసంటే ఇంక ఆ వేడి గురించి ఏం చెప్పను, మన రెంటచింతల గుర్తొస్తుంది.

ఫుట్‌బాల్ పిచ్చి ఇక్కడ ఏ లెవెల్లో ఉంటుందంటే ఇక్కడి అలెన్ అనే ఊళ్ళో 2012లో ఒక హైస్కూల్ జట్టు కోసం 6 కోట్ల డాలర్లతో 18,000 మంది పట్టే స్టేడియం కట్టారు, అవును హైస్కూలే.

కానీ నాకు నచ్చేది షాప్‌లోని మనిషే. గ్రౌండ్‌లో గొంతు చించుకునే ఆయనే టేబుల్ సా, అంటే బల్లకి బిగించిన కరెంటు రంపం, దగ్గర మెల్లగా మాట్లాడతాడట, కళ్ళకి సేఫ్టీ అద్దాలు పెట్టుకోకపోతే స్విచ్ వెయ్యనివ్వడు, చెక్కని చేత్తో కాకుండా కర్రముక్కతో తొయ్యమంటాడు, స్టార్ ప్లేయరైనా అంతే. మావాడు చేసిన స్టూల్ మీద మా ఆవిడ తులసి కుండీ పెట్టింది. ఈసారి కలిస్తే అడగాలి, మా డైనింగ్ కుర్చీ ఒకటి ఊగుతోంది, ఏ జిగురు వాడాలో.