కవరు మీద పేరు

డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల ప్లాంట్‌లో కాంట్రాక్టు మీద రెండేళ్ళు పని చేశాను. ఆ రెండేళ్ళలో మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవని రోజులున్నాయి గానీ, "ఇప్పటిదాకా వచ్చినవాటిలో గొప్ప ఆల్బం ఏది" అన్న గొడవ వినని రోజు మాత్రం లేదు. మా టేబుల్ దగ్గర ఇద్దరే ముఖ్యులు. ఒకరు లైన్ మీద 30 ఏళ్ళు చేసి రిటైర్మెంటుకి దగ్గరపడ్డ నల్లజాతి పెద్దాయన, పుట్టిందీ పెరిగిందీ డెట్రాయిట్‌లోనే. రెండోవాడు నా ఈడువాడు, మెయింటెనెన్స్‌లో ఎలక్ట్రీషియన్, పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ అంటే పడి చస్తాడు. మొదటి ఆర్నెల్లూ నేను ఉత్త ప్రేక్షకుణ్ణి.

అసలు నాకు ఆల్బం అంటే ఏమిటో సరిగ్గా తెలీదు. తణుకులో మా ఇంట్లో ఉన్నవన్నీ సినిమా క్యాసెట్లే. పాట నచ్చితే వెనక్కి తిప్పి మళ్ళీ వినడం, నచ్చకపోతే ముందుకి తిప్పెయ్యడం, ఐదింట్లో రెండు హిట్టయితే డబ్బులు గిట్టినట్టే. మొదటి పాట నుంచి చివరి పాట దాకా లేవకుండా కూర్చుని వినాలి, మొత్తం కలిపితేనే ఒక కథ అని వీళ్ళు చెప్తుంటే, ఇదేదో హరికథలా ఉందే అనుకున్నా.

ఎలక్ట్రీషియన్ చేతిలో ఒక అంకె ఉండేది, 741. ఆ బ్యాండ్ ఆల్బం 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973 నుంచి 1988 లోపు అమెరికా చార్టులో, అంటే బాగా అమ్ముడయ్యే ఆల్బంల జాబితాలో, అన్ని వారాలుందట. "వారాల లెక్కే అయితే మా చర్చి పాటల పుస్తకాన్ని మించింది లేదు" అనేవాడు పెద్దాయన. ఆయన ఓటు మోటౌన్ అనే డెట్రాయిట్ రికార్డు కంపెనీ గాయకుడు మార్విన్ గే 1971లో తెచ్చిన 'వాట్స్ గోయింగ్ ఆన్'కి. రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో వేసిన 500 ఆల్బంల జాబితాలో బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్' మొదటిది, ఈయనది 6. 2020లో కొత్తవాళ్ళని పిలిచి మళ్ళీ ఓట్లు వేయిస్తే మార్విన్ గే మొదటికొచ్చాడు, 'సార్జంట్ పెప్పర్' 24కి జారింది. మొదటి పది పేర్లూ ప్రింటు తీసి పెద్దాయన తన లాకరు తలుపుకి అంటించుకున్నాడు. నన్నడిగితే ఓట్లేసే మనుషులు మారినప్పుడల్లా మారే జాబితాని అంత నమ్మక్కర్లేదు, కానీ ఆ మాట ఆయన ముందు అనే ధైర్యం ఎవరికుంది.

నాకు ఆ 741 కన్నా ఎలక్ట్రీషియన్ ఓ రోజు మాటల మధ్యలో చెప్పిన సంగతి బాగా పట్టుకుంది. ఆ ఆల్బంలో ఒక ఆడగొంతు మాటలే లేకుండా ఏడుపో అరుపో తెలీనట్టు పైకి లేస్తుంది కదా, ఆమె క్లేర్ టోరీ. స్టూడియోకి పిలిచి పాడించి, ఆదివారం కాబట్టి డబుల్ రేటు కట్టి 30 పౌండ్లు చేతిలో పెట్టారు. 2004లో కోర్టుకెళ్తే, 2005లో రాజీ కుదిరాక ఆ పాట కట్టినవాళ్ళలో ఆమె పేరు కూడా వేశారు. ఆదివారం డబుల్ రేటు అనగానే పక్క టేబుల్ వాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఓవర్‌టైం భాష అక్కడ అందరికీ వచ్చు.

నాకు ఎందుకు పట్టుకుందంటే, ఆ వారమే నేను నెల రోజులు కూర్చుని చేసిన టెస్ట్ రిపోర్టు మొదటి పేజీలో నా పేరు తీసేసి మా కన్సల్టెన్సీ మేనేజరు పేరు పెట్టారు. ఆయన ఆ ప్లాంటు గేటు కూడా చూడలేదు. వీసా వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు ఏమంటాం, "ఓకే సర్" అని మెయిలు కొట్టి ఊరుకున్నా. ఇంట్లో చెప్తే జీతం వేశారా లేదా అని అడిగారు.

ఓ శనివారం పెద్దాయన నన్ను తన ట్రక్కులో వెస్ట్ గ్రాండ్ బుల్వార్డ్‌కి తీసుకెళ్ళాడు. మోటౌన్ పుట్టిన ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. చూస్తే మామూలు ఇల్లే, పైన 'హిట్స్‌విల్ యూఎస్ఏ' అని బోర్డు. బెర్రీ గోర్డీ లింకన్ మెర్క్యురీ ప్లాంటులో లైన్ మీద పని చేసినవాడు, ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో కంపెనీ పెట్టాడు, కార్లు తయారైనట్టే పాటలు తయారు చేశాడు. స్టూడియో మన ఊళ్ళో హాలంత ఉంటుందేమో. పైనుంచి వైర్లు వేలాడుతుంటాయని దానికి పాముల గొయ్యి అని పేరు పెట్టుకున్నారట. అక్కడ వాయించినవాళ్ళని ఫంక్ బ్రదర్స్ అంటారు. ఏళ్ళ తరబడి హిట్టు మీద హిట్టు వాయించారు, రికార్డు కవరు మీద ఒక్కరి పేరూ ఉండేది కాదు. మొట్టమొదట వాళ్ళ పేర్లు అచ్చువేసింది 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద. బేస్ గిటారు వాయించిన జేమ్స్ జేమర్సన్ పేరు ముందైతే సాటిలేని వాడని కూడా రాశారు. పెద్దాయన గొడవంతా అందుకని నాకు అప్పుడర్థమైంది. ఆయన చార్టులూ రేటింగులూ చూడ్డం లేదు, కవరు వెనక చూస్తున్నాడు. మరుసటి ఏడాది, 1972లో, కంపెనీ లాస్ ఏంజిలిస్‌కి వెళ్ళిపోయింది. వాయించేవాళ్ళకి ఆ కబురు తలుపు మీద అంటించిన కాగితం చూశాకే తెలిసిందని చెప్పుకుంటారు.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో ఆల్బం మొత్తం వినిపించాడు. 35 నిమిషాలు, మా లంచ్ బ్రేక్ కన్నా ఐదు నిమిషాలు ఎక్కువ, అందుకే అప్పటిదాకా నేను పూర్తిగా వినలేదు. మొదట్లో నలుగురు స్నేహితులు గుమ్మంలో కలిసి పలకరించుకున్నట్టు మాటలుంటాయి, వాటిలోంచి శాక్సఫోన్ లేస్తుంది. అది వాయించిన ఎలీ ఫాంటేన్ ఏదో సరదాగా వేళ్ళు కదుపుకుంటుంటే, ఇక చాలు, ఇదే ఉంచేస్తానన్నాడట మార్విన్ గే. ఒక పాట ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలీలేదు. వెనక్కి తిప్పాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

తరవాతి సోమవారం నా వంతు అన్నారు. నేను ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' పెట్టాను, 1986లో వచ్చింది, సినిమాకి సంబంధం లేనిది. త్యాగరాజస్వామికీ, పాశ్చాత్య సంగీతకారుడు బాఖ్‌కీ అంకితమిచ్చారని చెప్తే, "బాఖ్ తెలుసు, ఆ రెండోఆయన ఎవరు?" అన్నాడు పెద్దాయన. ఆయన కీర్తనలు మా భాషలోనే రాశాడన్నాను, కాస్త ఛాతీ పొంగింది, అబద్ధమెందుకు. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక ఒక్కటే అడిగాడు, "వయొలిన్ ఎవరిది?"

వి.ఎస్. నరసింహన్ అని చెప్పాను. నోరు తిరగలేదు, మూడుసార్లు పలికించుకున్నాడు. లేచి వెళ్ళి లాకరు మీది కాగితంలో పదో పేరు కింద ఉన్న ఖాళీలో రాశాడు, ఆల్బం పేరు కాదు, నరసింహన్ పేరే, స్పెల్లింగు నేను చెప్తుంటే.

"ఇది చార్టులో ఎన్ని వారాలుంది?" అన్నాడు ఎలక్ట్రీషియన్, శాండ్‌విచ్ నములుతూ.