మా సదస్సులో మైకు ఎవరి చేతికి? – నా అనుభవం

గ్రంథపాలకుల సదస్సు ఎక్కడ పెట్టినా ఆహ్వాన పత్రిక ఒక్కలాగే ఉంటుంది. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. వీళ్లందరినీ దాటుకుంటూ కిందికి వస్తే 'వందన సమర్పణ' దగ్గర ఒక ఆడపేరు కనిపిస్తుంది. ప్రార్థనా గీతం, వ్యాఖ్యానం, శాలువాల పళ్లెం పట్టుకుని నిలబడడం ఎలాగూ మావే. హనుమకొండలో రెండు రోజుల సదస్సుకు కార్యక్రమం తయారుచేసే పని నాకు అప్పజెప్పినప్పుడు, వక్తల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలని మొదటి మీటింగులోనే అన్నాను.

కార్యదర్శి సార్ కాదనలేదు. "పిలుద్దాం మేడం, నాకేం అభ్యంతరం లేదు. గని ఎవలున్నరు? పేర్లు చెప్పుండ్రి" అన్నారు. అందరం కలిసి ఆలోచిస్తే ప్రతి సదస్సుకూ వచ్చే ఇద్దరు ప్రొఫెసర్ల పేర్లే వచ్చాయి. మనకు గుర్తొచ్చేది ఇంతకుముందు వేదిక ఎక్కినవాళ్లే, వేదిక ఎక్కేది మనకు గుర్తొచ్చినవాళ్లే. ములుగు, మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి వైపు గురుకులాల్లో, కాలేజీల్లో లైబ్రరీ నడుపుతున్న ఆడవాళ్లు నాకే చాలామంది తెలుసు. వాళ్లెవరూ ఏనాడూ పేపర్ పంపలేదు. ఎందుకో అడుగుదామని ఫోన్లు చేయడం మొదలుపెట్టాను.

"పేపర్ అంటే ఇంగ్లిష్‌ల ఎనిమిది పేజీలు, రిఫరెన్సులు, మళ్ల ఫీజు. నా దగ్గర చెప్పేటిది ఉన్నది గని రాసేటిది లేదక్కా" అంది ఒక గురుకులం లైబ్రేరియన్. ఇంకొకామెకు పేపర్ చదివితేనే ఓడీ (డ్యూటీలో ఉన్నట్టు లెక్క) ఇస్తారు, వినడానికి వెళ్తానంటే సొంత సెలవు పెట్టుకోవాలి. ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నవాళ్లకైతే ఆ రోజు జీతమే పోతుంది. ఇక బస్సు సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఛార్జీ గొడవ తీరింది. కానీ చివరి సెషన్ చీకటి పడ్డాక ముగిస్తే ఏటూరునాగారం మనిషి ఇంటికెలా చేరాలి?

ఈ ఫోన్ల తర్వాత పేర్ల కోసం వెతకడం మానేసి సదస్సు రూపం మీద పడ్డాను. ప్రమోషన్ ఫైళ్లకు కావాలి కాబట్టి ఇంగ్లిష్ పేపర్లు మొదటిరోజు మధ్యాహ్నానికి ఉంచాం. రెండోరోజు పొద్దున మొత్తం పది నిమిషాల అనుభవ ప్రసంగాలకూ పోస్టర్లకూ ఇచ్చాం. ప్రకటనలో 'ఒక పేజీ చాలు, తెలుగులో రాయొచ్చు, ఫోన్‌లో టైప్ చేసి పంపినా సరే' అని రాశాం. ఎంపికైనవాళ్ల ప్రిన్సిపాళ్లకు ఓడీ కోరుతూ ఉత్తరాలు ముందే పంపాం. సాయంత్రం నాలుగున్నరకు ముగింపు, రాత్రి విందు రద్దు. విందు రద్దుకు వచ్చిన నిరసన ఇంకే మార్పుకూ రాలేదు.

వచ్చిన పేజీల మీద పేర్లు, కాలేజీలు తీసేసి నంబర్లేసి కూడా ఎంపిక చేశాం. చెప్పుకోవడానికి బాగుంది గానీ మన వరంగల్‌లో దానివల్ల ఒరిగింది తక్కువే. తాళపత్రాల డిజిటైజేషన్ మీద ఎవరు రాస్తారో పేరు లేకపోయినా అందరికీ తెలుసు. కొత్త మనుషుల్ని రప్పించింది 'ఒక పేజీ చాలు' అన్న మాటే. వచ్చినవాటిలో సగానికి పైగా ఆడవాళ్లు పంపినవే.

అప్పుడొచ్చింది అసలు పేచీ. పది నిమిషాల ప్రసంగానికీ పేపర్‌కూ ఒకటే సర్టిఫికెట్ ఎలా ఇస్తారని కొందరు లేచారు. వేరే మాట రాస్తే ఆ కాగితాన్ని ఫైలులో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వచ్చే ఏడు ఆ మనిషి మళ్లీ రాదు. 'సదస్సులో సమర్పించారు' అని అందరికీ ఒకటే మాట వేయించాం. నేను పట్టుబట్టినవాటిలో దీన్ని మాత్రం వదులుకునేదాన్ని కాదు.

దూరం వాళ్లు జూమ్‌లో మాట్లాడితే సరిపోదా అని ఒకరన్నారు. చంటిపిల్ల తల్లి ఒకామె తనే అడిగితే ఆమెకు సరే అన్నాం, అందరికీ అదే దారి చూపిస్తే ఒప్పుకోలేదు. మగవాళ్లు హాల్లో, ఆడవాళ్లు తెర మీద అయితే మధ్యాహ్నం భోజనాల వరుసలో జరిగే మాటలు ఎవరికి దక్కుతాయి? తర్వాతి సదస్సుకు పిలుపులు వచ్చేది అక్కడే.

కార్యక్రమ పత్రం వెనక, ఆతిథ్యమిచ్చిన కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఫోన్ నంబర్ వేశాం. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ఎలాగూ ఉండాల్సిన కమిటీనే. "లైబ్రేరియన్ల మీటింగుకు ఇదెందుకమ్మా" అన్నారు ఒక పెద్దాయన. మెల్విల్ డ్యూయీ సంగతి చెప్పాను. 1876లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ పెట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఫిలడెల్ఫియాలో ఆ మొదటి సభకు వచ్చిన 103 మందిలో ఆడవాళ్లు 13 మంది. 1905లో సంఘం సదస్సు అయ్యాక అలాస్కా వెళ్లిన ప్రయాణంలో ఆయన సాటి లైబ్రేరియన్లయిన ఆడవాళ్లతో అసభ్యంగా ప్రవర్తించాడు. 2019లో ఆ సంఘమే తన పతకానికి ఆయన పేరు తీసేసింది. పొద్దున లేస్తే మనం పుస్తకాలు సర్దేది ఆయన పెట్టిన వర్గీకరణ నంబర్లతోనే మరి. పెద్దాయన ఇంకేమీ అనలేదు.

ప్రారంభ సభను మాత్రం కదిలించలేకపోయాను. ప్రోటోకాల్ కదా. వేదిక మీద వరుసగా మగవాళ్లు, మధ్యలో ఒక్క మేడం. ప్రతివక్తా 1904 నాటి మన హనుమకొండ గ్రంథాలయం రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయంతో మొదలుపెట్టి, రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాలూ వల్లించారు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయమన్న నాలుగో సూత్రం దగ్గరికి వచ్చేసరికి టీ చల్లారింది. శాలువాల పళ్లెం పట్టుకోవడానికి లైబ్రరీ సైన్స్ చదివే అబ్బాయిల్ని పెట్టాను. ఫొటోగ్రాఫర్ నా దగ్గరికొచ్చి "అమ్మాయిలెవరు లేరా మేడం?" అని అడిగిండు.

రెండోరోజు ప్రశ్నలు చీటీల మీద రాసివ్వమన్నాం. 10 దేశాల్లో దాదాపు 250 అకడమిక్ సెమినార్లను గమనించిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. మొదటి ప్రశ్న మగవాళ్లది అయినచోట ఆ తర్వాత ఆడవాళ్ల ప్రశ్నలు తగ్గాయని అందులో తేలింది. మా దగ్గరైతే మొదటి ప్రశ్నే ఉపన్యాసమై పోతుంది. "చీటీలు రాసుడేంది, ఇదేమన్న బడా?" అని ముందు వరుసలోంచి వినిపించింది. అయినా చీటీలు వచ్చాయి, దండిగా వచ్చాయి.

ఫోన్‌లో 'రాసేటిది లేదు' అన్న ఆ గురుకులం అమ్మాయి ఆ పొద్దున మాట్లాడింది. దసరా సెలవులకు ఇంటికెళ్లే పిల్లలకు పుస్తకాలు ఇచ్చి పంపిందట. కొన్ని తిరిగి రాలేదు. ఆడిట్‌కు భయపడి తన డబ్బులతో కొని పెట్టింది. హాల్లో ఒక్కసారిగా గుసగుసలు. ఆ భయంతోనే బీరువాలకు తాళాలేసి కూర్చున్నవాళ్లం సగం మందిమి. వచ్చిన చీటీలన్నీ ఇదే అడిగాయి, పోయిన పుస్తకం ఎవరి నెత్తిన పడాలి?

రిటైరైన ఒక సార్ లేచి, కేంద్రం 2017 సాధారణ ఆర్థిక నియమాల్లో దీనికి జవాబుందని చెప్పారు. ఏడాదిలో పాఠకులు వాడిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోతే అది సహజ నష్టమే, నిర్లక్ష్యమో మోసమో లేనంతవరకు. "మన సంస్థలకు నేరుగ వర్తించదు గని, ఆడిటర్ ముందట పెట్టనీకి పనికొస్తది, రాసుకోండ్రి" అన్నారు. అందరం రాసుకున్నాం. చీటీల మీద గునిసింది కూడా ఆ సారే.

తర్వాతి సదస్సు బాధ్యత పక్క జిల్లా వాళ్లు తీసుకున్నారు. నా ఫోన్ నంబర్ల పట్టిక, ఉత్తరాల నమూనాలు ఇచ్చేశాను. ఒక పేజీ పద్ధతి ఉంచుతామన్నారు, నాలుగున్నర ముగింపుకూ ఒప్పుకున్నారు. చీటీలు మాత్రం వద్దట, పెద్దలు నొచ్చుకుంటారట. విందు మళ్లీ పెడుతున్నారు.