నేపియర్ పిక్నిక్, తాతయ్య బొటనవేలు

న్యూజిలాండ్‌లోని నేపియర్‌లో జరిగే పిక్నిక్‌కి 1930ల నాటి బట్టల్లో వెళ్ళాలని తెలియగానే నేను పూసల గౌన్ల కోసం ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టాను. రెండు రోజులు చూసి మా ఆయన అన్నారు, "ఆ కాలంలో మీ నానమ్మగారు కూడా ఉన్నారు కదా, ఆవిడ కట్టుకున్నదే కట్టుకో" అని. అంతే, పెట్టె అడుగున దాచుకున్న వెంకటగిరి చీర బయటికొచ్చింది. దాని మీదకి బుట్ట చేతుల జాకెట్టు కుట్టించాను. ఆయన పంచె, లాల్చీ, కండువా సర్దుకున్నారు.

ఆక్లండ్ నుంచి నేపియర్‌కి 420 కిలోమీటర్ల దాకా ఉంటుంది. టౌపో సరస్సు దాటాక కొండల్లో మలుపులే మలుపులు. సాయంత్రానికి ఊళ్ళోకి దిగేసరికి వీధి నిండా పాత కార్లు, టోపీలు, గొడుగులు. ఏటా ఫిబ్రవరి మూడో వారంలో 1920, 30ల నాటి కట్టడాల శైలి అయిన ఆర్ట్ డెకో పేరుతో ఇక్కడ ఉత్సవం చేస్తారు. ఈ దేశంలో అది మంచి ఎండాకాలం.

ఈ సరదా వెనకాల పెద్ద దుఃఖమే ఉంది. 1931 ఫిబ్రవరి 3, ఉదయం 10:47కి ఇక్కడ భూకంపం వచ్చింది. తీవ్రత 7.8. చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి 256 మంది పోయారు. ఆ వెంటనే మంటలు లేచాయి. నీళ్ళ గొట్టాలు పగిలిపోవడంతో ఆర్పడానికి నీళ్ళు లేక ఊరి నడిబొడ్డు కాలిపోయింది. భవనాల ముందుకు పొడుచుకొచ్చిన ఇటుక అలంకారాలు జనం మీద పడ్డాయి కాబట్టి, మళ్ళీ కట్టినప్పుడు కాంక్రీటు గోడలు కట్టి, నగిషీని గోడకి అంటుకున్నట్టు పల్చగా చెక్కారు. సూర్యకిరణాలు, మెట్లమెట్ల గీతలు, ఒక బ్యాంకు లోపల ఇక్కడి ఆదివాసులైన మావోరీల అల్లికల నమూనాలు. తల పైకెత్తి చూస్తూ నడుస్తుంటే మెడ నొప్పి పుట్టింది కానీ ఆగబుద్ధి కాలేదు.

ఆదివారం పిక్నిక్ సముద్రం ఒడ్డున మెరైన్ పరేడ్ పచ్చిక మీద. కూలిన ఇళ్ళ రాళ్ళూ ఇటుకలూ తెచ్చి ఈ ఒడ్డునే పోశారట, తోటలు వాటి మీదే పెరిగాయి. అది విన్నాక కాసేపు చెప్పులు విప్పి గడ్డి మీద నిలబడ్డాను.

జనం ఇంట్లో సామానంతా తెచ్చేసుకున్నారు. తివాచీలు, పింగాణీ టీ కప్పులు, వెండి కొవ్వొత్తి స్టాండ్లు, చేత్తో కీ ఇచ్చే గ్రామఫోన్లు. మేము దుప్పటి పరిచి స్టీలు క్యారేజీ విప్పాం. పులిహోర, సున్నుండలు. పక్క టెంటులో చారల కోటు వేసుకున్న పెద్దాయన సున్నుండ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. తర్వాత మమ్మల్ని తన కారు దగ్గరికి తీసుకెళ్ళారు.

ఫోర్డ్ మోడల్ ఏ, 1929 నాటిది. వెనక మూత తెరిస్తే అందులోంచి ఇద్దరు కూర్చునే సీటు లేచింది. దాన్ని డిక్కీ సీటు అంటారట. మనం ఇవాళ సామాను పడేసే చోటుని డిక్కీ అనడం అక్కడినుంచే వచ్చిందని తెలిసి నాకు ఎంత సంతోషమేసిందో! పెట్రోలు ట్యాంకు ముందు అద్దం కిందే ఉంది. పంపు అక్కర్లేకుండా పెట్రోలు దానంతటదే ఇంజన్‌లోకి దిగుతుంది.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు రోల్స్ రాయిస్‌ని దూరం నుంచి చూసి రావడమే నాకు తెలుసు. ఇక్కడ కారు ఫుట్‌బోర్డు మీద కూర్చుని పిల్లలు శాండ్‌విచ్ తింటున్నారు. పాత వస్తువు ఇలాగే ఉండాలనిపించింది, మనుషుల మధ్య, నూనె మరకలతో.

సెల్ఫ్ స్టార్టర్ ఉన్నా, పెద్దాయన ముందు భాగంలో హ్యాండిల్ దూర్చి, "తిప్పుతారా?" అని అడిగారు. స్టీరింగ్ పక్కన ఎడమవైపు లివర్ పైకి జరిపారు. అలా చేస్తే పెట్రోలుని మండించే స్పార్క్ ఆలస్యంగా పడుతుంది, లేకపోతే ఇంజన్ వెనక్కి తన్నుతుంది. "బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేయకండి, మిగతా వేళ్ళ పక్కనే పెట్టండి. తన్నిందంటే వేలు విరుగుతుంది" అన్నారు.

నాకు ఒళ్ళు జలదరించింది. మా తాతయ్య యుద్ధకాలంలో గుడివాడ-బందరు మధ్య బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు నడిపారు. ఆయన కుడి బొటనవేలు వంకరగా ఉండేది. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకుని బజారుకెళ్ళేదాన్ని. ఏమైందని అడిగితే "హ్యాండిల్ తన్నిందమ్మా" అనేవారు. హ్యాండిల్ ఎలా తన్నుతుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

కొంగు నడుముకి దోపుకున్నాను. బొటనవేలు వేళ్ళ పక్కకి తెచ్చి కింద నుంచి పైకి ఒక్క లాగు లాగాను. కదల్లేదు. రెండోసారి భుజమంతా పెట్టి లాగితే ఇంజన్ దగ్గి, ఆగి, టకటకా అందుకుంది. మా ఆయన ఫోటో తీయడం మర్చిపోయి చప్పట్లు కొడుతున్నారు. నేను మాత్రం ఇంజన్ చప్పుడు వింటూ నా వేలు చూసుకుంటూ ఉండిపోయాను.