జాన్ లూయిస్ క్షమించారు, వెనక్కి మాత్రం తగ్గలేదు

అమెరికాలో నల్లజాతివాళ్ళ పౌరహక్కుల కోసం పోరాడి, తర్వాత అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) సభ్యుడైన జాన్ లూయిస్ పేరు చెప్పగానే చాలామందికి 1965 మార్చి 7 గుర్తొస్తుంది. అలబామాలోని సెల్మాలో, ఓటు హక్కు కోసం ఎడ్మండ్ పెట్టస్ వంతెన మీద నడిచి వెళ్తున్న దాదాపు 600 మంది మీద పోలీసులు లాఠీలు, బాష్పవాయువుతో విరుచుకుపడ్డారు. ముందు వరసలో ఉన్న లూయిస్‌కి అప్పుడు 25 ఏళ్ళు, ఆ దెబ్బలకి పుర్రె చిట్లింది. నన్ను అంతకంటే ఎక్కువ కదిలించింది 2009లో జరిగిన విషయం.

1961 మే నెలలో, సౌత్ కరోలినాలోని రాక్ హిల్ బస్ స్టేషన్లో తెల్లవాళ్ళ వెయిటింగ్ రూములోకి వెళ్ళబోయినందుకు ఆయన్ని కొట్టినవాళ్ళలో ఎల్విన్ విల్సన్ ఒకడు. 48 ఏళ్ళ తర్వాత ఆ విల్సన్ తన కొడుకుని వెంటబెట్టుకుని వాషింగ్టన్లో లూయిస్ ఆఫీసుకి వచ్చి క్షమించమని అడిగాడు. లూయిస్ క్షమించారు, దగ్గరికి తీసుకున్నారు, కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఇది పుట్టుకతో వచ్చిన మంచితనం మాత్రమే అంటే నేను ఒప్పుకోను. నాష్‌విల్‌లో చదువుకునే రోజుల్లో జేమ్స్ లాసన్ అనే ఆయన పెట్టిన క్లాసులకి లూయిస్ వెళ్ళేవారు, ఎవరైనా తిట్టినా కొట్టినా చెయ్యి ఎత్తకుండా ఎలా నిలబడాలో అక్కడ విద్యార్థులు ఒకరి మీద ఒకరు ప్రాక్టీస్ చేసేవాళ్ళు. ఆ లాసన్ అంతకుముందు మన నాగపూర్‌లో ఉండి గాంధీ సత్యాగ్రహం గురించి తెలుసుకుని వెళ్ళినవారు!

అలాగని చట్టం విషయంలో ఆయన మెత్తబడలేదు. నల్లజాతివాళ్ళ ఓటుకి రక్షణగా వచ్చిన 1965 ఓటు హక్కు చట్టంలోని ముఖ్యమైన భాగాన్ని 2013లో సుప్రీంకోర్టు కొట్టేస్తే, దాన్ని తిరిగి తేవాలని 2020లో చనిపోయేదాకా పోరాడారు. తర్వాత అందుకోసమే ఆయన పేరుతో పెట్టిన బిల్లు 2021లో ప్రతినిధుల సభలో గెలిచి సెనేట్‌లో ఆగిపోయింది. ఆయనకి నివాళి పోస్టులు పెట్టి, ఆ బిల్లుకి అడ్డుపడిన నాయకుల్ని చూస్తే నాకు బాధ, కోపం రెండూ వస్తాయి. ఆయన క్షమాగుణాన్ని మాత్రం పొగిడి, ఆయన అడిగిన సమానత్వాన్ని పక్కన పెడితే అది గౌరవం ఎలా అవుతుంది?

అదే 1965 అక్టోబరులో, అమెరికాకి వలస వచ్చేవాళ్ళకి అప్పటిదాకా ఉన్న దేశాల వారీ కోటాలు తీసేసిన వలస చట్టం కూడా వచ్చింది. పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన మార్పు లేకపోతే అది వచ్చేది కాదు, మన తెలుగు కుటుంబాలు ఇంతమంది అమెరికాలో స్థిరపడేవాళ్ళూ కాదు. అక్కడ పౌరసత్వం వచ్చి కూడా ఇంకా ఓటరుగా నమోదు చేసుకోని మీ అన్నయ్యో, పిన్నిగారో ఉంటే ఈ వారమే ఫోన్ చేసి అడగండి.